ఏ విచారణమ్మా మీది? ఆరో తరగతి సీటు కోసం నా అనుభవం

"ఏ విచారణమ్మా మీది?"

కన్యస్త్రీలు నడిపే హైస్కూల్లో ఆరో తరగతి దరఖాస్తు అడగడానికి వెళ్తే, ఆఫీసు కిటికీ దగ్గర సిస్టర్ గారు నన్ను అడిగిన మొదటి మాట ఇది. కాథలిక్కులు కానివాళ్లకు ఈ మాట కొత్తగా ఉంటుంది. ఒక ఫాదర్ గారి కింద ఉన్న గుడి, ఆ గుడికి చెందిన ఊళ్లు, కుటుంబాలు అన్నీ కలిపి ఒక విచారణ. మాది ఫలానా విచారణ అని చెప్పాను. "అయితే జ్ఞానస్నాన పత్రం, ఫాదర్ గారి ఉత్తరం జత చెయ్యండి" అని నాలుగు పేజీల ఫారం చేతిలో పెట్టారు. జ్ఞానస్నానం అంటే బాప్తిస్మం. ఫిబ్రవరి మొదటి వారం అది. మా అమ్మాయి ఆ బడిలో అడుగు పెట్టింది జూన్ 25న. మధ్యలో జరిగింది రాస్తున్నాను. మా వైపు ఎంతోమంది తల్లులు ప్రతి ఏడూ ఇదే తిరుగుడు తిరుగుతారు, కానీ సీట్లు ఎలా ఇస్తారో ఎవరూ విడమరిచి చెప్పరు.

మాది నరసాపురం దగ్గర పల్లె. నేను లేసు అల్లుతాను. ఎప్పుడో మిషనరీ దొరసానులు మా వైపు ఆడవాళ్లకు నేర్పిన పని ఇప్పటికీ మా ఇళ్లలో కూడు పెడుతోంది. మా ఆయన రొయ్యల చెరువు మీద కాపలా. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది ఐదో తరగతి దాకా పక్క ఊళ్లో ప్రైవేటు బడిలో చదివింది. సిస్టర్ల బడిలో పదో తరగతి దాకా ఒకే చోట, ఆడపిల్ల భద్రంగా చదువుకుంటుందనే నమ్మకం మా పేటలో అందరికీ ఉంది. నాకూ ఉంది.

ముందు గ్రామ సచివాలయానికి వెళ్లాను. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదపిల్లలకు ఉచితమని విన్నాను కదా, అందులో వస్తుందేమో అనుకున్నాను. అక్కడి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. మన రాష్ట్రంలో అది ఒకటో తరగతిలో చేరేవాళ్లకే, ఆరుకు లేదు. పైగా మైనారిటీ బడులకు ఆ చట్టమే వర్తించదట. తర్వాత మా గుడి పెద్దల్లో ఒక లాయరు గారిని అడిగితే వివరంగా చెప్పారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి ఏరుకోవడాన్ని నిషేధించింది. కానీ 2014 మే నెలలో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు, ఎయిడ్ ఉన్నా లేకపోయినా మైనారిటీ బడులకు ఈ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలను తామే నడుపుకునే హక్కు ఇచ్చింది కాబట్టి. అందుకే వేరే ప్రైవేటు బడి చెయ్యకూడని ఇంటర్వ్యూ, చిన్న పరీక్ష ఇక్కడ చెయ్యగలుగుతున్నారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టులోనే ఇద్దరు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పు మీద సందేహం చెప్పి, పెద్ద ధర్మాసనం చూడాలంది. మేము తిరిగిన రోజుల్లో మాత్రం 2014 తీర్పే లెక్క.

అలాగని ఇష్టం వచ్చినట్టు కాదని కూడా లాయరు గారే చెప్పారు. ప్రభుత్వ ఎయిడ్ తీసుకునే సంస్థ, కేవలం మతం, జాతి, కులం, భాష కారణంగా ఎవరినీ చేర్చుకోనని అనకూడదు. ఇది 29వ అధికరణం రెండో క్లాజు. తమ మతం పిల్లలకు ముందు ఇవ్వొచ్చు, బయటివాళ్లకూ తగినన్ని సీట్లు ఇవ్వాలి. 2002లో 11 మంది జడ్జీలు కూర్చుని టి.ఎం.ఎ. పాయ్ కేసులో తేల్చింది ఇదేనట.

ఇక బడి లోపల సీట్లు ఎలా పంచుతారో నాకు ఆఫీసులో గుమస్తా గారి వల్ల తెలిసింది. ఆరో తరగతి రెండు సెక్షన్లు, మొత్తం 80 మంది. అదే ప్రాంగణంలో ఐదో తరగతి అయినవాళ్లు నేరుగా పైకి వస్తారు. ఈ ఏడు వాళ్లే 54. అంటే నిజంగా ఖాళీ ఉన్నవి 26 సీట్లు. వాటికి 140 పైన దరఖాస్తులు. బడి ఉన్న విచారణలోని కాథలిక్ పిల్లలు ముందు, ఆ తర్వాత చుట్టుపక్కల విచారణల నుంచి ఫాదర్ గారి ఉత్తరంతో వచ్చినవాళ్లు. అక్కో చెల్లెలో ఇప్పటికే అక్కడ చదువుతుంటే ఆ పిల్ల. తండ్రి లేని పిల్లలకు, మరీ పేదవాళ్లకు మతంతో పని లేకుండా కొన్ని. మిగిలినవాటికి తెలుగు, ఇంగ్లీషు, లెక్కల్లో ముప్పావు గంట పరీక్ష.

ఈ వరస నాకు అన్యాయంగా అనిపించలేదు. భారత కాథలిక్ మేత్రాణుల (బిషప్పుల) సమాఖ్య 2007లో ప్రకటించిన విద్యా విధానంలో కూడా కాథలిక్ పిల్లల్ని, అలాగే ఏ మతంవారైనా పేదల్ని, దళితుల్ని, గిరిజనుల్ని ముందు చూడాలనే ఉంది. మన పిల్లల కోసం కట్టిన బడి మన పిల్లల్ని చూడాలి కదా. నా బాధల్లా ఆ వరస నోటీసు బోర్డు మీద లేకపోవడం. 26 సీట్లే ఉన్నాయని ముందే రాసి పెడితే, ఎండలో పిల్లల్ని వెంటేసుకుని మూడేసి సార్లు తిరిగిన ఆ తల్లులు ముందే వేరే దారి చూసుకునేవాళ్లు.

పత్రం సంగతికి వస్తాను. పెద్దది నాకు తొలి కాన్పు, కాబట్టి పుట్టింట్లో పుట్టింది. జ్ఞానస్నానం కూడా అక్కడే, గోదావరికి అవతల, మా అమ్మ వాళ్ల విచారణలో. మార్చిలో ఒక శనివారం లేసు పని పక్కన పెట్టి, నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగి, ఆటోలో వెళ్లాను. ఫాదర్ గారు బీరువా తెరిచి జ్ఞానస్నానాల పుస్తకం తీశారు. మూరెడు పొడవు, అట్ట అంచులు చెదలు కొరికి ఉన్నాయి, వెన్ను మీద గుడ్డ అంటించారు. 2014 మే నెల పేజీ తిప్పారు. వరస సంఖ్య, తేదీ, బిడ్డ పేరు, పుట్టిన రోజు, తల్లి, తండ్రి, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి, గురువు సంతకం. అన్నీ ఒకే బారున, నీలం సిరాతో. మా అమ్మ జ్ఞానతల్లిగా నిలబెట్టిన మా పెద్దమ్మ వేలిముద్ర కూడా ఉంది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఆ వేలిముద్ర మీద నా వేలు పెట్టి చూసుకున్నాను.

కానీ బిడ్డ పేరు దగ్గర 'తెరేజ' అని ఉంది. ఆధార్‌లో, బడిలో 'దీపిక'. జ్ఞానస్నానానికి పునీతుల (సెయింట్ల) పేరు పెట్టాలని ఆనాటి ఫాదర్ గారు పెట్టిన పేరు అది. తర్వాత అంగన్‌వాడీలో మేము చెప్పిన పేరు ఇది. పదకొండేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు. టెన్షన్‌తో నోరు ఎండిపోయింది.

"పుస్తకంలో పేరు కొట్టెయ్యడం కుదరదమ్మా" అన్నారు ఫాదర్ గారు. వరస చివర ఖాళీ గడి చూపించారు. రేపు ఆ పిల్లకు భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) అయినా, పెళ్లయినా, కబురు ఇక్కడికే పంపించి ఆ గడిలో రాస్తారట. ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్ చూసి, తల్లిదండ్రుల పేర్లు, తేదీ సరిపోయాయని నిర్ధారించుకుని, ఆ గడిలో 'దీపిక అని వ్యవహారం' అని రాసి, సంతకం, తేదీ వేశారు. పత్రంలో కూడా అదే మాట రాసి గుడి ముద్ర కొట్టారు. ఈ సంగతి చదివేవాళ్లు ఎవరైనా ఉంటే, జ్ఞానస్నానం పేరు, ఆధార్ పేరు ఒకటేనా అని ఇవాళే చూసుకోండి. దరఖాస్తు గడువు ముందు రోజు తెలిస్తే చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

ఇంటర్వ్యూ ఏప్రిల్‌లో, ఈస్టరుకు ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం వెళ్లిన రెండో రోజు. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారు అమ్మాయిని తెలుగు పాఠం ఒక పేరా చదివించారు, రెండు భాగహారాలు ఇచ్చారు. పరలోక జపం చెప్పించారు. నా వైపు తిరిగి "సంవత్సరానికి ఎంత కట్టగలరమ్మా, నిజం చెప్పండి" అన్నారు. ఎనిమిది వేలు అన్నాను. ఆవిడ ఫారం మీద ఆ అంకె రాసుకున్నారు, బేరం ఆడలేదు. నేను అక్కడే ఏడ్చేశాను.

అప్పుడు అడిగారు: "మీ పేట నుంచి ఇంకెవరైనా మన పిల్లలు వచ్చారా?"

నేను నోరు తెరిచి మూసుకున్నాను. వచ్చింది. మా తోడికోడలి కూతురు. మా అమ్మాయి కంటే రెండు నెలలు చిన్నది. ఇద్దరికీ మొదటి దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) ఒకేరోజు ఇచ్చారు, ఒకేలాంటి తెల్ల గౌన్లు నేనే కుట్టి అంచుకు లేసు వేశాను. కానీ వాళ్ల ఫారంలో మతం గడిలో హిందూ అని ఉంది, ఫాదర్ గారి ఉత్తరం లేదు. ఎందుకో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు ఇవాళ్టికీ లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషన్. మా మామగారి కాలంలోనే మా ఆయన బీసీ-సి తీసుకున్నారు. బావగారి ఇల్లు ఎస్సీగానే ఉండిపోయింది. అన్నదమ్ములు ఒకే తల్లి పిల్లలు, ఒకే పేటలో పక్క పక్క ఇళ్లు, ఒకే గుడి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో, జ్ఞానస్నానం పొంది గుడికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునని ఎస్సీ పత్రం అడగడం కుదరదని చెప్పాక మా పేటలో భయం ఇంకా పెరిగింది. జ్ఞానస్నాన పత్రం ఒకసారి బడి ఫైల్లో చేరితే, రేపు ఆ పిల్ల ఇంటర్‌కో డిగ్రీకో ఎస్సీ స్కాలర్‌షిప్ అడిగినప్పుడు ఎవరైనా బయటికి తీస్తారని మా తోడికోడలి భయం. నాతో గుడి వేపచెట్టు కింద కూర్చుని చెప్పింది. "అక్కా, సీటు కోసం పత్రం ఇస్తే దాని తర్వాత చదువు పోద్ది. ఇవ్వకపోతే సీటు పోద్ది."

నేను ఇది తప్పనుకోను. మతం మారితే కులం పోయిందని చట్టం అంటుంది. మా పేటకు ఊరివాళ్లు పిలిచే పేరు మాత్రం మారలేదు, మా చేలగట్టు మీద మాకు ఇచ్చే కూలి మారలేదు. ఆ ఉత్తర్వు మార్చాలి. దాని బరువు పదకొండేళ్ల పిల్ల ఫారం మీద పడకూడదు.

సిస్టర్ గారితో "ఆ పాప కూడా మన గుడి పిల్లే" అని ఒక్క మాట చెప్పి ఉంటే వరసలో పైకి వచ్చేదేమో. ఆ మాట వాళ్లింటికి చేటు అవుతుందేమో కూడా. "తెలీదు సిస్టర్ గారండి" అన్నాను. ఆ అబద్ధం ఇప్పటికీ నా గొంతులో ఉంది.

మా అమ్మాయి పేరు మే 10 నాటి జాబితాలో వచ్చింది. ఆ తర్వాత టి.సి. దగ్గర చిక్కుపడ్డాం. పాత బడిలో 7,500 ఫీజు బాకీ, అది కట్టేదాకా ఇవ్వమన్నారు. పిల్లల వివరాల ఆన్‌లైన్ రికార్డు కూడా వాళ్లు వదలాలి, లేకపోతే కొత్త బడిలో పేరు ఎక్కదు. జూన్ 12న బడులు తెరిచారు, మా అమ్మాయి ఇంట్లోనే ఉంది. అదే వారంలో బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడ్డాయి, ఒక్కో పిల్లకు 13,000. బాకీ కట్టి టి.సి. తెచ్చుకున్నాను. నెలాఖరు దాకా సీటు ఆపుతానన్న సిస్టర్ గారు మాట నిలబెట్టుకున్నారు.

మా తోడికోడలి కూతురు పరీక్ష బాగానే రాసింది. వెయిటింగ్ లిస్టులో తొమ్మిదో నంబరు. జులై మొదటి వారం దాకా ఆరుగురిని పిలిచారు. ఇప్పుడు జెడ్పీ హైస్కూల్లో చదువుతోంది. ఏడో తరగతిలో ఖాళీలు వస్తే మార్చిలో మళ్లీ ఫారాలు ఇస్తారట. నేనే తెచ్చి ఇస్తానన్నాను.

"తీసుకురా అక్కా" అంది. "ఆ గడి దగ్గర ఏం రాయాలో అప్పుడు ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం."