ఏటీ అవదులే

మా నాన్న విశాఖ స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాడు. ఏ గొడవొచ్చినా ఆయన దగ్గర ఒకటే మందు, "ఏటీ అవదురా".

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను వస్తోందని టీవీలో రెండ్రోజులుగా మొత్తుకుంటున్నా ఆయన మాత్రం స్కూటర్‌ని బాదం చెట్టు కింద నుంచి తీయలేదు. పొద్దున్నుంచీ ఒకటే హోరు. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది, పక్కింటి పసిపిల్ల ఏడుపు వినబడేంత నిశ్శబ్దం. నాన్న గడియ తీసి, లుంగీ ఎగ్గట్టి గుమ్మంలోకొచ్చి "చూశారా, అయిపోయింది" అన్నాడు. తుఫాను నడిమధ్య గాలి లేని కన్ను మా నెత్తిమీద ఉందని ఎవరికి తెలుసు? కాసేపటికి గాలి రెండో వైపు నుంచి తిరగబడింది, పొద్దున్నంతా ఒక పక్కకే వంగి ఎలాగో నిలబడిన బాదం చెట్టు వేళ్లతో సహా వచ్చి స్కూటర్ మీద పడింది.

అమ్మ ముందురోజే కొవ్వొత్తులు, పాలపొడి తెచ్చి దాచింది. ఎవరికీ చెప్పలేదు, చెబితే నాన్న మాట తీసేసినట్టవుతుందని. నన్నడిగితే అదింకా ముదురు జబ్బు. అది మా అక్కకొచ్చింది. బావ అప్పులన్నీ దానికి తెలుసు, ఒక్క మాట అనదు, గాజులు మాత్రం ఒక్కో జతా తెచ్చి మా బీరువాలో పెడుతుంటుంది.

2021 జనవరి 27న కేంద్రం ప్లాంట్‌ని వంద శాతం అమ్మేయాలని నిర్ణయించినప్పుడూ నాన్నది అదే ధోరణి. "1966లో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ప్లాంటురా, ఎవడమ్ముతాడు?" ఆయన దోస్తులు కూర్మన్నపాలెం శిబిరంలో దీక్షలకి కూర్చుంటే ఈయన ఒక్కరోజూ వెళ్లలేదు. ఏమీ కాదని తెలిసినవాడు ఎండలో ఎందుకు కూర్చుంటాడు!

నేను అలా కాదనుకునేవాణ్ణి. ఇన్సూరెన్స్ కట్టాను, ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించాను. పరగడుపు సుగర్ 168 అని వచ్చిన రిపోర్టుని మాత్రం ఫ్రిజ్ మీది గుడ్డ కిందకి తోసి ఎనిమిది నెలలైంది.

పోయిన నెల పాప స్కూల్ నుంచి ఫోన్. బోర్డు మీదవి ఏడాదిగా పక్కపిల్ల నోట్సు చూసి ఎక్కించుకుంటోందట. జగదాంబ దగ్గర కంటి డాక్టర్ చూసి రెండు కళ్లకీ మైనస్ రెండు అన్నారు. బయటికొచ్చాక "కనబడట్లేదని చెప్పొచ్చు కదమ్మా" అంటే, చెరుకురసం స్ట్రా నములుతూ చాలా తేలిగ్గా "ఏటీ అవదులే అనుకున్నా నాన్నా" అంది. మధురవాడ అపార్ట్‌మెంట్‌లో పుట్టి పెరిగిన పిల్ల, మా యాస దాని నోట ఎప్పుడూ వినలేదు, ఆ ఒక్క ముక్కా తప్ప. కళ్లు వాళ్లమ్మవే, కాలేజీ రోజుల నుంచీ ఆవిడకి అద్దాలు. మాట తాతది అందామంటే, తాత దగ్గరికి అది వెళ్లేది ఏడాదికి రెండుసార్లు. రోజూ దాని చెవిన పడేది నా గొంతే.

ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "చిన్నపిల్లకి అద్దాలేటిరా? ఎదిగితే అదే పోద్ది" అన్నాడు.

"పోదు నాన్నా" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అమ్మ ఫోన్ అందుకుని, గొంతు బాగా తగ్గించి, అద్దాలకి ఎంతయిందో అడిగింది.