నల్ల కిమోనో నాకెందుకు ఇవ్వలేదంటే

నిన్న రాత్రే పెళ్ళి నుంచి వచ్చాను. కిమోనో మీద నడుముకు చుట్టే పట్టీ, ఓబి, దాని బిగింపుకు పక్కటెముకలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. టోక్యోలో నాతో పనిచేసే అమ్మాయి పెళ్ళి అది. "ధర్మవరం పట్టుచీర ఉందిగా, అది కట్టుకో" అని మా వారు చెప్పారు. విన్నానా?

కిమోనోలు అద్దెకిచ్చే దుకాణంలో ముందు ఫురిసొదె అనే ఎర్రటి కిమోనో మీద కన్ను పడింది. దాని చేతులు చీలమండల దాకా వేలాడుతున్నాయి. పెళ్ళయిందా అని అడిగి లోపల పెట్టేశారు. పెళ్ళికాని అమ్మాయిలదట. సరే. తర్వాత నల్లటి పట్టుది చూశాను. నడుం కింద మాత్రమే బంగారు కొంగలు. ఇదే కావాలన్నాను. అక్కడి ఉద్యోగిని తల ఓ పక్కకు వంచి "చొత్తో..." అంది. చొత్తో అంటే 'కాస్త'. కాస్త ఏమిటి? ఖరీదా? పొడుగా? ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అదే చిరునవ్వు. ఇరవై నిమిషాలు! విదేశీయురాలినని ఇవ్వడం లేదేమోనని గొంతు పెంచాను. అద్దం ముందున్న ఇద్దరమ్మాయిలు తలలు దించుకున్నారు. చివరికి లోపలి నుంచి ఒక పెద్దావిడ వచ్చి, దాని మీది ఐదు తెల్లని వంశచిహ్నాలు చూపించి, "మీరు పెళ్ళికూతురి తల్లిగారా?" అని అడిగింది. నాకు ముప్పై రెండేళ్ళు! అది కురోతొమెసొదె, వధూవరుల తల్లులూ, దగ్గరి బంధువుల్లో పెళ్ళయిన ఆడవాళ్ళూ కట్టుకునేదట. చొత్తో అంటే అక్కడ మర్యాదగా 'కాదు' అనడమట. మా అత్తగారైతే "అది నీకెందుకమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు.

చెర్రీ పూలది అడిగితే మళ్ళీ చొత్తో. ఇది జూన్, ఆ పూలు రాలి రెండు నెలలైంది. పూయబోయే పువ్వును ముందుగా కట్టుకోవచ్చు గానీ రాలిపోయినదాన్ని కాదట. జూన్, సెప్టెంబరుల్లో లైనింగు లేని హితోఎ, జూలై, ఆగస్టుల్లో రో, షా అనే పల్చటి బట్టలవి, అక్టోబరు నుంచి మే దాకా లైనింగున్న అవాసె. మే ఎండలో కంచిపట్టు కట్టి చెమటలు కక్కే మనకు ఈ లెక్క ఎలా తెలుస్తుంది? చివరికి పారే నీళ్ళ గీతలున్న లేత నీలం హోమొంగి, అంటే అతిథులు కట్టుకునే కిమోనో, తీసుకున్నాను.

కట్టే పని వాళ్ళే చూశారు. ఇంట్లో ప్రయత్నించేవాళ్ళు మాత్రం మీ ఎడమవైపు అంచును కుడిదాని మీదికి తెచ్చుకోండి. కుడిది పైన ఉంటే అది శవానికి తొడిగే తీరు.

పెళ్ళిలో తల్లులిద్దరూ అచ్చం ఆ నల్ల కిమోనోల్లోనే అతిథులకు వంగి నమస్కరిస్తున్నారు. నేను మెల్లగా స్తంభం వెనక్కి జరిగాను. జూలై చివర టోక్యోలో సుమిదా నది బాణసంచా వేడుకకు యుకాతా అనే నూలు వేసవి కిమోనో కొనుక్కుంటాను. ఆ దుకాణంలో మాత్రం కాదు.