93 వచ్చింది, నిద్రే రావట్లేదు

మా చిన్నాడి కారు శబ్ద పరీక్షలో పాసయింది. 95 డెసిబెల్స్ దాటకూడదు, 93 వచ్చింది. మా ఆయన స్వీట్లు కూడా తెచ్చారు. అందరూ పడుకున్నారు, నాకే నిద్ర పట్టక ఇలా కూర్చున్నాను.

మూడు వారాలుగా ఆ పోలీసాయన మీద నాకు పీకలదాకా కోపం. చేతిలో మీటర్ లేదు, ఏమీ లేదు. పక్కకి ఆపి, చెవితో విని, శబ్దం ఎక్కువని టికెట్ రాసిచ్చాడు. కాలిఫోర్నియాలో అది చెల్లుతుందట. ఒకప్పుడు సైలెన్సరు బాగుచేయించి చూపిస్తే సరిపోయేదిట, 2019 జనవరి నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. పోనీ మనమే ముందుగా పరీక్ష చేయించుకుని కాగితం దగ్గర పెట్టుకుందామంటే, టికెట్ పడ్డ బండిని తప్ప రెఫరీ (ప్రభుత్వం తరఫున బండ్లు పరీక్షించే చోటు) దగ్గర చూడరు. ఇదేం పద్ధతో నాకు అర్థం కాలేదు. సెలవు పెట్టుకుని మరీ వాడి వెంట వెళ్లాను.

స్టాండు మీద మైకు పెట్టి, పైపు మూతి నుంచి టేపుతో కొలిచారు. 20 అంగుళాల దూరం, 45 డిగ్రీల కోణం. ఇంజన్ రేజ్ చేస్తుంటే వాడు గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాడు. నాకు మాత్రం నాన్న అంబాసిడర్ గుర్తొచ్చింది.

ఒకసారి ఏలూరు నుంచి వస్తుంటే దాని సైలెన్సరుకి చిల్లు పడింది. విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసే అతను మర్నాడు రమ్మన్నాడు. అక్కడే ఉన్న కుర్రాడు డాల్డా డబ్బా రేకు కత్తిరించి, చిల్లు చుట్టూ తిప్పి, ఇనప తీగతో బిగించాడు. ఆ రాత్రి ఊరంతా లేచేలా వచ్చాం. మొగల్రాజపురంలో మా వీధి మొదట్లో చిన్న దిగుడు. అక్కడికి రాగానే నాన్న ఇంజన్ ఆపేశారు. ఆ వీధిలో ఉండే మాస్టారి అమ్మగారికి ఆయాసం, తెల్లవారుజామున గానీ కన్ను మూతపడేది కాదు. కారు దానంతటదే జారుకుంటూ ఇంటి ముందుకొచ్చింది. టైర్ల కింద కంకర నలిగిన చప్పుడొక్కటే. ఆ చప్పుడుకే అమ్మ లేచి తలుపు తీసింది. సైలెన్సరు బాగయ్యాక కూడా, పొద్దుపోయి వస్తే నాన్న అలాగే ఆపేసేవారు.

అసలు ఇవాళ పోలీసాయన గురించి రాద్దామనే మొదలుపెట్టాను. కానీ పాసయింది కొత్త సైలెన్సరు. టికెట్ పడింది పాతదానికి. దాన్ని ఎవరూ మీటరుతో కొలవలేదు. లోపల చిల్లుల గొట్టం చుట్టూ ఉండే గ్లాస్ ఊల్ కాలిపోయిందని చిన్నాడే చెప్పాడు. అప్పట్లో ఫోన్ యాప్‌తో చూస్తే 99 వచ్చింది. "ఫోన్‌ని నమ్మలేంలే అమ్మా" అన్నాడు. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపని చెప్పిందీ వాడే. ఆ లెక్కన 93కీ 99కీ నాలుగింతల తేడా.

పొద్దున్నే అయిదున్నరకి వాడు జిమ్‌కి బయల్దేరితే పూజగది కిటికీ అద్దం అదిరేది. పక్కింట్లో ఆరు నెలల పసిపిల్ల. వాళ్లు ఒక్క మాట అనలేదు. నేనూ వాణ్ణి ఏమీ అనలేదు. నాకు మీటర్ లేకుండానే తెలిసింది కదా, ఎందుకు ఊరుకున్నాను? చెవితో విని ఫైన్ వేయడం ఇప్పటికీ నాకు నచ్చలేదు. ఇంకెవరి పిల్లాడో నిజంగా 90తో దొరికిపోతే వాడి గతేంటి? కానీ మావాడి విషయంలో ఆయన విన్నది తప్పని అనలేకపోతున్నాను.

అమ్మేస్తానన్న ఆ పాత సైలెన్సరు ఇంకా గరాజ్‌లోనే, సోనా మసూరి బస్తాల పక్కన ఉంది. ఇందాక రేపటికి బియ్యం తెద్దామని వెళ్తే చేతికి మసి అంటింది. పొద్దున్న వాడు లేవగానే అడగాలి, దాన్ని ఎప్పుడు అమ్ముతున్నావురా అని.