పెద్దమ్మ నూలు

ఆదివారం, రాత్రి

ఉదయం పొందూరు వెళ్లాను. పెద్దమ్మకి మతిమరుపు బాగా ముదిరిందని వదిన ఫోన్ చేసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. శ్రీకాకుళంలో బస్సెక్కింది మొదలు ఒకటే టెన్షన్, నన్ను గుర్తుపడుతుందో లేదో అని.

గుర్తుపట్టలేదు. "ఎవులి గుంటవే నువ్వు?" అంది. "నీ చెల్లెలి కూతుర్ని పెద్దమ్మా" అన్నాను. తలూపి రాట్నం ముందు కూర్చుంది. పది నిమిషాలకి మళ్లీ అదే ప్రశ్న.

వసారాలో తన పక్కనే కూర్చున్నాను. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టేదాకా అంతా వదినే చేస్తోంది. వడకడం మాత్రం ఇప్పటికీ పెద్దమ్మదే. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో ఏకుని వెనక్కి లాగుతుంటే వెంట్రుకలాంటి నూలు వస్తోంది. ఒకసారి పుటుక్కున తెగింది. కదురు మీది కొసని ఏకుకి ఆనించి చక్రం కొంచెం తిప్పింది. అంటుకుపోయింది. ముడి లేదు. అతుకు ఎక్కడుందో వెతికినా నాకు కనపడలేదు.

విట్‌గెన్‌స్టైన్ అనే తత్త్వవేత్త గుర్తొచ్చాడు. ఆయన పోయాక 1953లో అచ్చయిన 'ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్'లో సరిగ్గా ఈ పోలికే ఉంది. దారానికి బలం ఈ కొస నుంచి ఆ కొసదాకా సాగే ఏదో ఒక పోగు వల్ల రాదు, ఎన్నో పోగులు ఒకదాని మీద ఒకటి పడి పెనవేసుకోవడం వల్ల వస్తుందంటాడు. అక్కడ ఆయన గొడవంతా మాటల అర్థాల గురించి. చెడుగుడు, చదరంగం, పిల్ల ఒక్కతే గోడకి బంతి కొట్టుకోవడం, వీటన్నిటిలో ఉండే ఒకే లక్షణం ఎంత వెతికినా దొరకదు. అయినా అన్నీ ఆటలే.

అంతటా సాగే ఒకటంటూ లేకపోతే అంతా ఒకటే అని ఎలా అంటాం? మనిషి విషయంలో ఈ ప్రశ్నకి ఎదురు నిలిచినవాడు బౌద్ధ భిక్షువు నాగసేనుడు. పాళీ బౌద్ధ గ్రంథం 'మిలిందపన్హా'లో యవన రాజు మిలిందుడు, అంటే గ్రీకుల మినాండర్, పుట్టినవాడూ పెరిగినవాడూ ఒకడేనా అని అడిగితే, రాత్రంతా వెలిగే దీపాన్ని చూపిస్తాడు. మొదటి జాము మంట నడిజాము మంట కాదు. అలాగని అది వేరే దీపమూ కాదు.

ఇద్దరూ ఒకటే చెప్పారని తేల్చేయడం నాకు నచ్చదు. విట్‌గెన్‌స్టైన్‌కి కావలసింది మాటల చిక్కు విప్పడం. భిక్షువుకి కావలసింది దుఃఖం నుంచి విడుదల. 'నేను' అని పట్టుకోవడానికి లోపల ఏదీ లేదని తెలిస్తే ఆ పట్టు సడలుతుందంటారు బౌద్ధులు. ఈ రోజు నాకు సడలలేదు. పెద్దమ్మని గట్టిగా పట్టుకోవాలనే ఉంది. అందుకే దీపం కన్నా నూలే నాకు దగ్గరగా అనిపించింది. మంట తన వెనకటి మంటని మిగల్చదు. నూలులో ఒక పోగు అయిపోయిన చోట పక్కది సాగుతూ ఉంటుంది. నా ముఖం, నా పేరు అయిపోయాయి. ఏకు పట్టుకునే ఆ వేళ్లు, "టీ తాగావేటి" అని గంటలో మూడుసార్లు అడగడం, ఇవి సాగుతున్నాయి.

బయల్దేరుతుంటే మళ్లీ అడిగింది, "ఎవులి గుంటవే?" అని. ఈసారి అమ్మ పేరు చెప్పాను. చక్రం ఆపింది.

"దాని నూలంతా ఉండలే. మా యమ్మ రోజూ తిట్టీది" అంది.

అమ్మ పోయి ఆరేళ్లు. అమ్మ ఎప్పుడైనా రాట్నం తిప్పిందనే నాకు తెలీదు.