కళింగపట్నం ఇసుక

శ్రీకాకుళం బస్టాండులో కళింగపట్నం బస్సు ఎక్కానో లేదో, కండక్టరుకూ చేపలమ్మే ఒకావిడకూ గొడవ మొదలైంది. ఆవిడ తెల్లవారగానే పట్నానికి వచ్చి సరుకు అమ్ముకుని ఖాళీ సత్తు బేసినుతో ఇంటికి పోతోంది. వాసన వస్తోంది, వెనక సీటుకు పొమ్మన్నాడు ఆయన. "పొద్దున నిండు బేసినుకు డబ్బులు తీసుకున్నప్పుడు రాని వాసన, ఖాళీదానికి వచ్చిందా బాబూ?" అంది. బస్సంతా నవ్వింది. ఆవిడ దర్జాగా వచ్చి నా పక్కనే కూర్చుంది. నిజం చెప్పాలంటే కండక్టరు మాటలో అబద్ధమేమీ లేదు. గార అనే ఊరు వచ్చేదాకా కిటికీ వైపు ముఖం పెట్టుకునే కూర్చున్నాను.

ఎక్కడికని ఆవిడే అడిగింది. లైట్‌హౌస్ చూడటానికన్నాను.

"అదెక్కడికి పోతుంది? పోయేదల్లా ఇసుకే."

పూర్వం వేట నుంచి వచ్చిన పడవను పైకి లాగాలంటే ఇంటిల్లిపాదీ తాడు పట్టాల్సి వచ్చేదట. మొగవాళ్లు చాలక కొత్తకోడళ్లు కూడా పట్టేవారట, తనూ అలాగే పట్టిందట. "ఇప్పుడు లాగడానికి నేలేది? నాలుగు అడుగులు లాగితే చెట్టు తగులుతుంది. దానికే కట్టేస్తున్నాం."

నాకు పదేళ్లప్పుడు నాన్న తీసుకొచ్చారు ఇక్కడికి. ఎండాకాలం. లైట్‌హౌస్ దగ్గర నుంచి నీళ్ల దాకా ఎంత నడిచినా తరగని ఇసుక. చెప్పులతో నడిస్తే కూరుకుపోతాయి, విప్పితే అరికాళ్లు మాడిపోతాయి. నాన్న చెప్పులు చేతపట్టుకుని లుంగీ ఎగగట్టి గెంతుతూ వెళ్లడం నాకు సముద్రం కన్నా బాగా గుర్తు. తర్వాత ఎవరినో బతిమాలి పైకి ఎక్కించారు. దీపం చుట్టూ ఉన్న మందపాటి గాజుల్లోంచి చూస్తే సముద్రం పైకీ ఆకాశం కిందికీ వెళ్లిపోయాయి. ఇంటికొచ్చి చెబితే అక్క నమ్మలేదు.

ఊళ్లో దిగాక, తీరానికి ఆటో అతను వంద రూపాయలన్నాడు. విజయనగరంలో ఆ డబ్బుతో ఊరంతా తిరిగి రావచ్చు. నడిచాను. గేటు మూసి ఉంది. సందర్శకులను సాయంత్రమే రానిస్తారని కాపలాదారు చెప్పాడు. ఆ మాట బయట ఒక బోర్డు మీద రాసి పెడితే ఎవరి సొమ్ము పోతుందో!

ఇక తీరం వైపు తిరిగాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు. సరుగుడు చెట్ల కింద మట్టి కొట్టుకుపోయి వేళ్లు విప్పిన జడల్లా గాలిలో వేలాడుతున్నాయి. ఒక దాని మొదలుకు నైలాను తాడు, తాడు కొసన నీలం పడవ. అల వచ్చినప్పుడల్లా పడవ గుంజుతోంది, చెట్టు ఊగుతోంది. నాన్న గెంతిన దూరం ఎంత మిగిలిందో అడుగులతో కొలుద్దామని బయలుదేరాను గానీ, రెండుసార్లు లెక్క తప్పింది. పోటు సమయం, నీటి అంచు ఒక చోట నిలిస్తే కదా.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను ఈ దగ్గరలోనే తీరం దాటింది. తుపాను ఒక్క రాత్రిలో తీసుకుపోయేది కళ్లకు కనిపిస్తుంది. కనిపించనిది నది లెక్క. వంశధార ఒడిశా కొండల నుంచి మోసుకొచ్చి ఇక్కడ సముద్రంలో కలిసే మొగలో పోసే ఇసుకే ఈ తీరానికి తిండి. నైరుతి కాలంలో అలలు ఇసుకను ఉత్తరానికి ఈడ్చుకుపోతాయి, చలికాలంలో కొంత వెనక్కి తెస్తాయి. పోయినదాన్ని నది పూడ్చాలి. పైన గొట్టా బ్యారేజీ కట్టుకున్నాం, కింద లారీలకు ఎత్తుకుంటున్నాం. మరి సముద్రానికి మిగిలేది ఎంత?

మా విజయనగరం జిల్లాలో చింతపల్లి దగ్గరున్న శాంతపిల్లి దీపానికి ఈ బెంగ లేదు. సముద్రంలోని బండరాళ్లకు ఓడలు తగలకుండా 1847లో పెట్టిన దీపం అది, గుట్ట మీద నిశ్చింతగా ఉంది. కళింగపట్నం దీపానికి గుట్ట లేదు, ఉన్నదంతా ఇసుకే.

సాయంత్రం దాకా ఆగి పైకి ఎక్కవచ్చు. ఎందుకో బుద్ధి పుట్టలేదు. గిడుగు రామమూర్తి గారు 1919లో వెలుగులోకి తెచ్చిన శాలిహుండం బౌద్ధ స్తూపాలు దగ్గరే కదా, అటు వెళ్దామనుకున్నాను. ఆటో అతను ఈసారి చెప్పిన ధర విని ఆ సంగతీ మానుకున్నాను.

తిరుగు బస్సులో నాన్నకు ఫోను చేశాను.

"ఇసుక కాలిందా?" అన్నారు నవ్వుతూ.

చెప్పులు విప్పే పని పడలేదన్నాను. అవతల కాసేపు మాట లేదు.

"సరేలే, వంజరం కిలో ఎంత చెబుతున్నారు?"

కనుక్కోలేదు. బేసినావిడను అడగాల్సింది.