కుడి చేతికి పట్టీ చుట్టకండి

ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందుగా ఒక మాట చెబుతాను: "బీపీ ఎడమ చేతికి చూడండి." వినరు. కుడి చేతికే పట్టీ చుట్టి, రెండుసార్లు గాలి కొట్టి, అంకె చూసి నర్సమ్మ కంగారు పడుతుంది. ఏడాది పిల్లగా నేను నీలంగా మారిపోతుంటే, కుడి చేతికి వెళ్లే ధమనిని మళ్లించి ఊపిరితిత్తుల నాళానికి కలిపారు. ఆ చేతిలో నాడి ఇప్పటికీ సరిగా అందదు.

నాది పుట్టుకతో వచ్చిన టెట్రాలజీ ఆఫ్ ఫాలో. గుండె కింది గదుల మధ్య రంధ్రం, ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకు, వాటితో పాటు మరో రెండు తేడాలు. అసలు ఆపరేషన్ 1994లో, నా అయిదో ఏట, రాయవేలూరులో జరిగింది. పదో తరగతి దాకా ఏటా కాట్పాడి రైలెక్కాం. తరువాత మానేశాం. "బాగైపోయింది కదా" అన్నారు అందరూ. పెళ్లిచూపుల్లో ఆ ఊసే ఎత్తవద్దని పెద్దమ్మ హెచ్చరిక కూడా.

2023 దసరాకు ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కుతూ సగంలోనే కూర్చుండిపోయాను. ఆయాసం, దడ. గుంటూరులో ఒకచోట రక్తం తక్కువని ఐరన్ మాత్రలు రాశారు. మరోచోట ఎకో (గుండె స్కానింగు) తీసి, "చిన్న లీకు, ఏమీ ఫరవాలేదు" అన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. రోజంతా పూడుకుపోయిన రక్తనాళాలు చూసేవాళ్లకు నా గుండె పరాయి ఊరు.

చివరికి విజయవాడలో పిల్లల గుండె డాక్టరు దగ్గరకు వెళ్లమని తెలిసినవాళ్లు చెప్పారు. గోడల నిండా ఎలుగుబంటి బొమ్మలు, మోకాళ్లెత్తు కుర్చీలు. "పాప ఏదమ్మా?" అని అడిగింది చీటీ రాసే అమ్మాయి. "నేనే" అన్నాను.

ఆయన మొదట అడిగింది పాత కాగితాలు. అమ్మ ట్రంకుపెట్టెలో, కలరా ఉండల వాసనతో, నా చిన్ననాటి గౌను కింద దొరికాయి. మాసిపోయిన కార్బన్ ప్రతిలో ఒక వాక్యం చదివి ఆయన తల పంకించారు: ఊపిరితిత్తుల దారిలోని ఇరుకును వెడల్పు చేయడానికి అక్కడి కవాటం అంచును కూడా కోసి అతుకు వేశారు. అంటే ఆ కవాటం ఇక పూర్తిగా మూసుకోదు. కొట్టుకున్న ప్రతిసారీ కొంత రక్తం వెనక్కి వస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ కుడి గది సాగుతుంది.

ఎంత సాగిందో ఎకోలో సరిగా తేలదు, ఎమ్మారై కావాలన్నారు. ఛాతీ ఎముకను కుట్టిన స్టీలు తీగలు ఉన్నాయనగానే అక్కడి కుర్రాడు జంకాడు. డాక్టరు ఫోనులో చెప్పాక ఒప్పుకున్నాడు. దాదాపు గంట. "ఊపిరి వదలండి, పట్టుకోండి" అని ఎన్నిసార్లు అన్నారో లెక్క తప్పింది.

కుడి గదిలో పట్టే రక్తం, ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 141 మిల్లీలీటర్లని తేలింది. 160 దగ్గరకు వస్తే కొత్త కవాటం గురించి ఆలోచిద్దామన్నారు. కొత్తది జీవితాంతం పనిచేయదు కాబట్టి తొందరపడి వేస్తే మళ్లీ మళ్లీ మార్చాలి. మరీ ఆలస్యం చేస్తే సాగిన గది వెనక్కి రాదు. అందుకని ఏటా పరీక్ష, దడ కోసం ఇరవై నాలుగు గంటల రికార్డింగు.

బ్రాడీపేటలో ఆ కాగితాలు మూడు జతలు జిరాక్సు తీయించాను. ఒకటి ఎప్పుడూ చేతిసంచిలోనే ఉంటుంది. అసలు ప్రతి తిరిగి ట్రంకుపెట్టెలోకి చేరేదాకా అమ్మ ఊరుకోలేదు.