పెరుంబాక్కంలో చదివిన జాబులు

షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర ఆటోవాడు పెరుంబాక్కానికి రెండొందల యాభై అడిగాడు. పట్టుమని ఐదారు కిలోమీటర్లు లేదు. ఎండకు బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను. చెన్నై వచ్చింది వీసా స్టాంపింగ్‌కి. ఆ పని ఒక్క పూటలో అయిపోయింది. ఆదివారం కదా, అక్కడి పిల్లలకు ట్యూషన్ చెప్పే మా పిన్ని కూతురు రమ్మంది.

ఐటీ కంపెనీలున్న ఓఎంఆర్ రోడ్డు మీద అద్దాల ఆఫీసులు దాటి కాస్త లోపలికి వెళ్తే ఎనిమిదంతస్తుల ఇళ్లు, వరసలు వరసలుగా. 2015 వరదల తర్వాత అడయారు, కూవం నదుల ఒడ్డుల మీదివాళ్లను తెచ్చి పెట్టిన చోటు. లిఫ్ట్ ఆగిపోయి ఉంది. నీళ్ల బిందెలతో మెట్లెక్కుతున్న ఆడవాళ్లకు దారి ఇస్తూ ఆరో అంతస్తుకి చేరేసరికి నా మోకాళ్లు పట్టేశాయి.

మేం వెళ్లిన ఇంటామె పారిశుద్ధ్య కార్మికురాలు. తాతల నాడు మా నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంకా తెలుగే. మునుపు సైదాపేటలో పనికి నడిచిపోయేదట, ఇప్పుడు తెల్లారకముందే బస్సు. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి సరిపోతోందంది.

నేను అమెరికాలో ఉంటానని తెలియగానే చీరలకొట్టు కవరొకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల ఏడు జాబులు. వరదకు తడిసి ఆరినవి, నీలం సిరా పాకి, ఒకదానిపై సీతాకోకచిలుక స్టిక్కరు సగం ఊడిపోయి ఉంది. నెలనెలా డబ్బు పంపుతూ కూతురికి స్పాన్సర్‌గా ఉండిన అమెరికా పెద్దావిడ, మిన్నెసోటా ఆవిడ, రాసినవి.

"మా పాప చదివి చెప్పేదన్నా. ఇప్పుడు పనికి పోతా ఉంది, తీరిక లేదు. నువ్వు చదువు."

మంచు, తోట, ముసలికుక్క. ప్రతి జాబు చివరా బాగా చదువుకో తల్లీ. చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. నేనూ 2014 నుంచి ఒక సంస్థ ద్వారా ఉగాండాలో ఒక పిల్లాడికి స్పాన్సర్‌గా నెలనెలా డబ్బు కడుతున్నాను. ఇలా స్పాన్సర్ ఉన్న పిల్లలు మిగతావాళ్లకంటే ఏడాదికి పైగా ఎక్కువ చదువుతున్నారని ఆరు దేశాల్లో చూసి తేల్చిన 2013 నాటి అధ్యయనం చదివి మొదలుపెట్టాను. డబ్బు కార్డు నుంచి దానంతటదే పోతుంది. జాబు మాత్రం ఆ సంస్థవాళ్లు గుర్తుచేస్తేనే రాస్తాను, అచ్చం ఇవే మాటలు. అవతల ఒక తల్లి వాటిని దాచుకుంటుందని పదేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

"2017లో నిలిచిపోయినాయన్నా. ఆయమ్మకి మా మీద కోపమొచ్చిందా?"

కోపం కాదమ్మా అని చెప్పాను. విదేశీ విరాళాలకు ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలన్న షరతు పడి, ఆ మార్చిలో ఇలా స్పాన్సర్లను కుదిర్చే పెద్ద సంస్థ ఒకటి మన దేశంలో 48 ఏళ్ల పని మూసుకుని వెళ్లిపోయింది. 1.40 లక్షలకు పైగా పిల్లలకు జాబులు అక్కడితో ఆగాయి. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఇన్నేళ్లూ తప్పు తమదేననుకుంది.

తిరిగి రాద్దామంటే జాబుల్లో అడ్రసు ఉండదు, ఇంటిపేరు కూడా ఉండదు. కవరు మళ్లీ మడిచి పెడుతూ, "ఆ కుక్క ఇంకా ఉంటుందా అన్నా?" అని అడిగింది.

మర్నాడు పినాకిని రైల్లో గూడూరు దాటేలోపు ఉగాండాకి జాబు రాశాను. మొదటి వాక్యం: మీ అమ్మ పేరేమిటి, ఏం పని చేస్తుంది?